ఫోన్ వచ్చినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు

చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటే అక్షరం ముక్క రాకపోయినా పని జరిగిపోతుందన్న అభిప్రాయం ఈ పదేళ్లలో బాగా పాతుకుపోయింది. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే రాసిపెడుతుంది, వచ్చిన సందేశాన్ని చదివి వినిపిస్తుంది. కిరాణా కొట్టులోని సౌండ్‌బాక్స్ జమయిన డబ్బు ఎంతో తెలుగులోనే చెబుతుంది. 2016లో మొదలైన యూపీఐకి 2023లో నోటిమాటతో చెల్లించే పద్ధతి కూడా తోడైంది. ప్రభుత్వ సేవలను భారతీయ భాషల్లో మాటగా అందించడానికి 2022లో భాషిణి వేదిక వచ్చింది. ఇన్ని ఉండగా యాభై ఏళ్ల కూలిమనిషిని రాత్రి బడిలో కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించడం దేనికి, నాలుగు యాప్‌లు వాడటం నేర్పితే సరిపోదా అని బాగా చదువుకున్నవారే అడుగుతున్నారు. వయోజన విద్య గురించి మాట్లాడాల్సిన చోట డిజిటల్ అక్షరాస్యత అన్న మాట వచ్చి కూర్చుంది.

ఈ వాదన తప్పు. చదువు రానివారికి మేలు చేస్తున్నట్టు కనిపిస్తూ కీడు చేసే వాదన ఇది. వ్యవహారాలు తెర మీదికి మారేకొద్దీ మనిషి చదవాల్సింది పెరిగింది, తగ్గలేదు. పూర్వం బ్యాంకులో వేలిముద్ర వేసే ఆడమనిషికి ఎదురుగా ఒక గుమాస్తా ఉండేవాడు. కాగితంలో ఏముందో అతను చెప్పేవాడు, లేదా వరుసలో నిలబడ్డ ఊరివాళ్లెవరో చెప్పేవారు. ఇప్పుడు ఆ కాగితాలన్నీ ఆమె చేతిలోని ఫోన్‌లోకే వచ్చాయి. గుమాస్తా లేడు. షరతులకు ఒప్పుకుంటున్నానని నొక్కాల్సిందీ ఆమే, ఆ తర్వాత వచ్చే నష్టం భరించాల్సిందీ ఆమే.

అక్షరాస్యత అంటే ఏమిటో జనాభా లెక్కల్లో స్పష్టంగానే ఉంది. ఏడేళ్లు, ఆపై వయసున్న మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలగాలి, రాయగలగాలి. చదవడం వచ్చి రాయడం రానివారిని అక్షరాస్యుల్లో లెక్కించరు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు 67 శాతం, మహిళల్లో 59 శాతం. 2023-24 కార్మికశక్తి సర్వేలో దేశ సగటు 80.9 శాతంగా ఉంటే ఆంధ్రప్రదేశ్ 72.6 శాతం దగ్గరే ఆగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పేరుపడిన తెలుగు నేల మీద ఇంతమంది పెద్దలు చదవలేని స్థితిలో ఉండగా, చదవడం ఇక అక్కర్లేదని తీర్మానించడం వాళ్లను ఉన్నచోటే వదిలేయడం అవుతుంది.

ఈ ఆలోచన మాటల దగ్గరే ఆగలేదు, పథకాల్లోకీ ఎక్కింది. 2017లో కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2024 మార్చి వరకు నడిచింది. 6 కోట్ల మంది లక్ష్యం కాగా సుమారు 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చారు. ఫోన్, ట్యాబ్, కంప్యూటర్ వాడకం, ఇంటర్నెట్‌లో వెతకడం, నగదు లేకుండా చెల్లించడం, అన్నీ కలిపి 20 గంటల పాఠం. ఇంటికి ఒక్కరికే అవకాశం, వయసు 14 నుంచి 60 లోపు ఉండాలి. ఆ 20 గంటలు చాలామందికి ఉపయోగపడ్డాయనడంలో సందేహం లేదు. కానీ అక్షరమే రాని మనిషికి 20 గంటల్లో దక్కేది బొమ్మల గుర్తు మాత్రమే. ఆకుపచ్చ బొమ్మ వాట్సాప్, ఎర్ర బొమ్మ యూట్యూబ్ అని గుర్తుంటుంది. యాప్ కొత్తగా మారి బొమ్మ చోటు తప్పితే పాఠమూ పోతుంది. వృద్ధాప్య పింఛను డబ్బు చాలాచోట్ల బ్యాంకు ఖాతాలోకి వచ్చే రోజుల్లో 60 దాటినవారిని తరగతి గది బయటే నిలబెట్టడం మరో అన్యాయం.

బొమ్మల గుర్తుకూ చదువుకూ ఉన్న తేడా బ్యాంకు పంపే సందేశం దగ్గర తేలిపోతుంది. ఉపాధి కూలి పడినా, ఖాతాలోంచి ఎవరో డబ్బు లాగేసినా ఫోన్ ఒకే రకంగా మోగుతుంది. తెరమీద కనిపించేది ఇంగ్లిష్‌లో రెండు వరుసలు. ‘క్రెడిటెడ్’ అని ఉంటే వచ్చినట్టు, ‘డెబిటెడ్’ అని ఉంటే పోయినట్టు. పక్కనే అంకె ఉంటుంది. 500కీ, 5,000కీ, 50,000కీ ఒక్కో సున్నాయే తేడా. ఆ ఒక్క మాటనూ సున్నాలనూ పోల్చుకోలేని మనిషికి ఎన్ని యాప్‌లు తెరవడం వచ్చినా లాభం లేదు. యూపీఐలో డబ్బు పంపడానికి పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ‘మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి’ అని ఫోన్ చేసే మోసగాడి ధైర్యమంతా ఎదుటి మనిషి తెర చదవదన్నదే. మాట అతను వినిపిస్తాడు, మీట ఆమె నొక్కుతుంది. ఆ సందేశం తెలుగులో ఎందుకు రాదన్నది న్యాయమైన ప్రశ్నే. తెలుగులో రావాలని బ్యాంకులను గట్టిగా అడగాలి కూడా. వచ్చిన నాడు దాన్ని చదివే మనిషి ఉండాలి.

ఫోనే చదివి వినిపిస్తుంది కదా అన్నది చదువు అక్కర్లేదన్న వాదనకు ప్రధాన బలం. చూపు లేనివారికి ఆ సదుపాయం పెద్ద వరం, దాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు. చూపున్న మనిషికి చదువుకు బదులుగా దాన్ని ఇస్తే మాత్రం తూకం తప్పుతుంది. చదివేవాడు వెనక్కి వెళ్తాడు, రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు, అనుమానం వచ్చిన అంకె దగ్గర ఆగుతాడు. వినేవాడు చెప్పినంత వేగంతో, చెప్పిన వరుసలోనే వినాలి. పైగా బయటికి చదివిన సందేశం ఇంట్లో అందరికీ వినపడుతుంది. పొదుపు సంఘంలో దాచుకున్నది ఎంతో, ఆస్పత్రి పరీక్షలో తేలింది ఏమిటో భర్తకో కొడుకుకో తెలియకుండా ఉంచుకునే హక్కు చదువు వచ్చిన ఆడమనిషికే ఉంటుంది. మోసాలు కూడా ఇప్పుడు గొంతు మీదే నడుస్తున్నాయి. పోలీసులమని, కస్టమ్స్ అధికారులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్టు’ గురించి 2024 అక్టోబరులో ప్రధానమంత్రే దేశాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. అలాంటి వాటిలో చదువుకున్నవాళ్లూ మోసపోయారు. విన్నదాన్ని ఆపి, రాతలో సరిచూసుకోవడమన్నది అందరూ నేర్చుకోవాల్సిన అలవాటు. ఆ అలవాటుకు అక్షరమే ఆధారం.

అప్పుల సంగతి ఇంకా తీవ్రమైనది. 2020 చివర్లో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులు తెలుగు ప్రాంతాల్లో ఎన్ని ఇళ్లను కుదిపేశాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు బిగించింది. 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం రిటైల్ రుణాలకు, చిన్న సంస్థల రుణాలకు కీలక వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. ఏడాదికి మొత్తం వడ్డీ ఎంత పడుతుందో, ఏయే రుసుములు కలుస్తాయో అందులో ఉండాలి. రుణం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మంచి నిబంధన. అందులోని విషయాలను నోటితో వివరించి, అర్థమైందని రాయించుకోవాలని కూడా ఉంది. వివరించేది మాత్రం అప్పు ఇచ్చే సంస్థ మనిషే. చదవలేనివారు అప్పు ఇచ్చేవాడి నోటి నుంచే అప్పు షరతులు వినాలి, ఆపై అర్థమైందని వేలిముద్ర వేయాలి. తెలుగులో పత్రం వచ్చినా, దాన్ని చదవడం నేర్పనంత కాలం రక్షణ కాగితం మీదే ఉండిపోతుంది.

పెద్దవాళ్లను వదిలేద్దాం, పిల్లలు ఫోన్‌లతోనే పుడుతున్నారు, ఒక తరం గడిస్తే సమస్య దానంతటదే పోతుందన్నది మరో మాట. ఇలాంటి ఆలోచనకు పెద్ద పేర్లే దన్నుగా ఉన్నాయి. 1999లో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా ఢిల్లీ కల్కాజీలో ఒక గోడలో కంప్యూటర్ అమర్చి, పిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడుతున్నారని చూపించారు. 2001లో అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ డిజిటల్ ప్రపంచంలోనే పుట్టి పెరిగిన తరం వేరని రాశారు. పరికరం వాడటం పిల్లలకు త్వరగా వస్తుందన్నంత వరకు అది నిజం. మిగతా నిజం గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ నివేదికల్లో ఉంది. 2023 నివేదిక గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్లవారిని పరిశీలించింది. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటమూ వచ్చు. అదే వయసువారిలో నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. ఫోన్ వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. 2024 నివేదికలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు అంతకు ముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడింది 57 శాతం, సోషల్ మీడియా కోసం 76 శాతం. తరం మారితే సమస్య పోదు. చదవలేని తాత చేతిలోంచి చదవలేని మనవడి చేతికి ఫోన్ మారుతుంది, అంతే.

వయసు మీరాక చదువు అబ్బదన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు. కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో, 96 ఏళ్ల వయసులో, అక్షరలక్షం అనే అక్షరాస్యతా పరీక్షలో 100కి 98 మార్కులు తెచ్చుకుని మొదటి స్థానంలో నిలిచారు. పెద్దలు చదువు మానేయడానికి కారణాలు మామూలువే. నాట్లు, కోతల కాలంలో రాత్రి బడికి రాలేరు. నలభై దాటాక చత్వారం వచ్చి పలక మీది అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, తమకు చదువు రాదని వాళ్లు తమనే నిందించుకుంటారు. కళ్లజోడు ఇస్తే సగం కష్టం తీరుతుంది. అక్షరం సైజు పెంచుకునే వీలున్న ఫోన్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

కంప్యూటర్‌ను అక్షరానికి పోటీగా కాక పనిముట్టుగా వాడిన ప్రయోగం తెలుగులోనే మొదలైంది. 2000లో సాఫ్ట్‌వేర్ రంగ ప్రముఖుడు ఎఫ్.సి. కోహ్లి ఆలోచనతో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ మెదక్ జిల్లా బీరంగూడలో పాత కంప్యూటర్ల మీద బొమ్మలు, మాటలు, అక్షరాలు కలిపి పెద్దలకు చదవడం నేర్పింది. విడి అక్షరాలతో కాక తెలిసిన మాటలతో మొదలుపెట్టి, 40 గంటలకు కాస్త అటూ ఇటూగా వార్తాపత్రికలోని తేలిక మాటలు చదివే స్థాయికి తీసుకురావడం దాని లక్ష్యం. రాతకు అందులో చోటు తక్కువ, అది లోపమే. కానీ యంత్రాన్ని దేనికి వాడాలో ఆ ప్రయోగానికి తెలుసు.

ఆ రాత లోపాన్ని తీర్చే సాధనం ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉంది. తెలుగు కీబోర్డులో లక్ష్మి అని కొట్టాలంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు మీటలు నొక్కాలి. ఒత్తు ఎలా పుడుతుందో, గుణింతం ఎక్కడ చేరుతుందో కళ్లముందే కనిపిస్తుంది. వణికే చేతికి బలపం కంటే ఇది తేలిక. తప్పు కొడితే చెరుపుకోవచ్చు, పక్కవాళ్లు చూడరు. తన పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు కొట్టి పంపిన మనిషికి అక్షరం మీద భయం పోతుంది. విచిత్రమేమిటంటే తెలుగు వచ్చిన యువత మాత్రం ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాస్తూ ఈ మీటలను మరిచిపోతోంది. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకూ, నెల్లూరులోని అమ్మమ్మకూ ఒకే కీబోర్డు మీద ఒకే పాఠం చెప్పవచ్చన్న సంగతి మన పాఠ్యప్రణాళికలు రాసేవారికి ఇంకా తట్టినట్టు లేదు.

చదువు మనిషికి ఏం చేస్తుందో నెల్లూరు జిల్లా చూసింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా వల్ల నాశనమైన కుటుంబం కథ చదివారు. చదివి తమ బతుకులతో పోల్చుకున్నారు. 1992లో దూబగుంటలో మొదలైన కదలిక సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ తరగతుల్లో పాఠమూ చర్చా కలిసి నడిచాయి. నలుగురు కూర్చుని ఒక మాట చదివి, దాని మీద మాట్లాడుకోవడం వల్లే అది సాధ్యమైంది. ఏ యాప్ ట్యుటోరియలూ ఆ నలుగురిని ఒకచోట కూర్చోబెట్టదు.

ప్రస్తుతం దేశంలో పెద్దల చదువుకు ఉన్న ప్రధాన పథకం ఉల్లాస్. 2022 నుంచి 2027 వరకు అయిదేళ్లకు 1,037.90 కోట్ల రూపాయలు, 15 ఏళ్లు దాటిన 5 కోట్ల మంది లక్ష్యం. పై వయసుకు పరిమితి లేదు, అది మెచ్చదగిన మార్పు. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 చొప్పున 150 మార్కుల పరీక్ష. డిజిటల్ అవగాహన జీవన నైపుణ్యాల భాగంలో వేరుగా ఉంది. ఆ వేరు గోడ తీసేయాలి. బ్యాంకు సందేశం, రేషన్ మెసేజ్, ఆస్పత్రి చీటీ, అప్పు పత్రం, వాట్సాప్‌లో తిరిగే పుకారు, ఇవే వాచకంలో పాఠాలు కావాలి. ఫోన్ తెర మీద చదివి, కీబోర్డు మీద రాసి చూపించడం పరీక్షలో భాగం కావాలి. పరీక్ష గట్టెక్కిన తర్వాత ఏడాది పాటైనా చదవడానికి ఏదో ఒకటి చేతికి అందాలి, లేకపోతే నేర్చిన అక్షరం మరుపున పడుతుంది.

ఈ పథకం నడిచేది జీతం తీసుకోని వాలంటీర్ల మీద. చదువుకున్న ఎవరైనా అందులో చేరవచ్చు. ఇంట్లోనో, వీధిలోనో చదవలేని పెద్దలున్న ప్రతి ఒక్కరూ ముందుకు రావాలి. ఫోన్ తీసుకుని వాళ్ల పని చేసిపెట్టడం మాని, పక్కన కూర్చుని తెర మీది వరుస వాళ్ల చేతే చదివించండి.