డేటాబేస్ వినియోగదారుల జాబితాలో లేని మనిషి

రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకం, రైలు టికెట్ పైకి వేరువేరు వస్తువులు. వీటన్నిటి వెనుకా ఉండేది డేటాబేస్. కావలసినప్పుడు వెతికి తీయడానికి, మార్చడానికి వీలుగా ఒక పద్ధతిలో అమర్చిన సమాచార నిల్వను డేటాబేస్ అంటారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు డీబీఎంఎస్.

డేటాబేస్‌లు రాకముందు ఒకే మనిషి వివరాలు నాలుగు ఫైళ్లలో ఉండేవి. ఒకదానిలో చిరునామా మారిస్తే మిగతా మూడింటిలో పాతదే మిగిలేది. ఈ చిక్కు తీర్చడానికే డేటాబేస్‌లు వచ్చాయి. 1960లలో సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా అమర్చే హైరార్కికల్ పద్ధతి, వలలా కలిపే నెట్‌వర్క్ పద్ధతి వాడుకలోకి వచ్చాయి. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా చూసే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించారు. బ్యాంకుల లావాదేవీల్లో నేటికీ దీనిదే పెద్ద వాటా. వెబ్ విస్తరించాక డాక్యుమెంట్, గ్రాఫ్ వంటి నోఎస్‌క్యూఎల్ రకాలు తోడయ్యాయి.

వినియోగదారులను కూడా పాఠ్యపుస్తకాలు వర్గాలుగా విడదీస్తాయి. అనుమతులు, భద్రత చూసేవారు అడ్మినిస్ట్రేటర్. పట్టికలు ఎలా ఉండాలో నిర్ణయించేవారు డిజైనర్. అప్లికేషన్లు రాసేవారు ప్రోగ్రామర్. ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్నలు వేసి సమాచారం రాబట్టేవారు విశ్లేషకులు. సిద్ధంగా ఉన్న తెరపై వివరాలు నింపే రిజర్వేషన్ క్లర్కు, మీసేవ ఆపరేటర్ వంటివారు సాధారణ వినియోగదారులు.

ఈ జాబితాలో ఒక లోటుంది. కౌంటర్‌కు ఇవతల నిలబడ్డ రైతు ఇందులో ఎక్కడా లేడు. పట్టికలో ఒక అడ్డు వరుస మొత్తం అతని గురించే అయినా, అతను వినియోగదారుడిగా లెక్కకు రాడు.

దీని ఫలితం తెలుగువారి పేర్లలోనే కనిపిస్తుంది. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు. చాలా దరఖాస్తులు మాత్రం ముందు పేరు, చివర ఇంటిపేరు అడుగుతాయి. దాంతో ఒక కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరోదానిలో పూర్తిగా, ఇంకోదానిలో చివర చేరుతుంది. ‘లక్ష్మి’ని ఇంగ్లిషులో ఒకచోట ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో, మరోచోట ‘ఎక్స్’తో రాస్తారు. అక్షరాలను మాత్రమే పోల్చే కంప్యూటర్‌కు వీరు ఇద్దరు మనుషులు. ఏ డేటాబేస్‌కు ఆ డేటాబేస్ సక్రమంగానే ఉంటుంది, వాటి మధ్యే పొంతన ఉండదు. ఫైళ్ల కాలం నాటి చిక్కే శాఖల మధ్య మళ్లీ తలెత్తిందన్నమాట. దాన్ని సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే భారం మాత్రం పేరున్న మనిషిదే.

అలాగని ఎవరి వివరాలు వారే మార్చుకోనిస్తే ఎలా అన్న అభ్యంతరం సమంజసమే. భూమి హక్కులను ఎవరు పడితే వారు దిద్దే వీలుంటే అనర్థమే. అయితే ఇక్కడ కావలసింది దిద్దే అధికారం కాదు. తన వరుస తాను చూసుకునే వీలు, తప్పుంటే అక్కడే సవరణ కోరే దారి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో తెలిపే చిట్టా కావాలి. వీటికి కొత్త పరిజ్ఞానం అక్కర్లేదు. కొంత భాగాన్నే చూపించే ‘వ్యూ’, మార్పులన్నిటినీ నమోదు చేసే ‘ఆడిట్ లాగ్’ డేటాబేస్ రంగంలో ఎప్పటినుంచో ఉన్నవే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తప్పులు సరిచేయించుకునే హక్కును గుర్తించింది. ఆ హక్కు అమలు కావాలంటే పట్టిక గీసే రోజునే దానికి చోటు పెట్టాలి. పేరును ముక్కలు చేయకుండా ఒకే గడిలో, తెలుగు లిపిలోనూ నమోదు చేయాలి. పేరులో అక్షరం తేడా ఉన్నంత మాత్రాన చెల్లింపు ఆపకుండా, ముందు మనిషిని విచారించే ఏర్పాటు ఉండాలి. డిజైనర్లు గీసే వినియోగదారుల జాబితాలో కౌంటర్‌కు ఇవతలి మనిషిని కూడా చేరిస్తే ఇవన్నీ సాధ్యమే.