చిలుకను పంజరంలో కాదు, ఫొటోలో దాచుకుందాం

మా హాస్టల్ వెనుక చింతచెట్టు మీద వాలే చిలుకలన్నీ రామచిలుకలే అనుకునేవాళ్ళం. ఈ ఏడాది ఒక ఉదయం వాటిలో ఒక చిలుక తల నేరేడు, రేగుపండు కలిపిన రంగులో కనిపించింది. ఎవరో రంగు పూసి వదిలేశారని కొందరం వాదించాం. సార్ ఫోన్ అడిగి ఫొటో తీస్తే ఆకుల మధ్య పచ్చని చుక్క తప్ప ఏమీ పడలేదు.

మరునాటి నుండి సూర్యుణ్ణి వీపు వెనుక పెట్టుకొని, కదలకుండా నిలబడి, పక్క నుండి పది ఫొటోలు తీయడం నేర్చుకున్నాం. అప్పుడు గుర్తులు తెలిశాయి. మెడకు నల్లని పట్టీ, భుజం మీద ఎర్రని మచ్చ, పసుపు ముక్కు, తోక చివర తెలుపు. రామచిలుక ముక్కు ఎర్రగా ఉంటుంది. ఇది ప్లమ్ హెడెడ్ పారాకీట్ మగపక్షి. ఆడపక్షి తల నీలి బూడిద రంగు, మెడ పట్టీ పసుపు. పిల్లలకు తల కూడా పచ్చనే. మేము మూడు రకాలనుకున్నవి ఒకే కుటుంబం! 1766లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరుకు 'నీలి తల' అని అర్థం. మగపక్షికి ఆ పేరు నప్పదు.

ఊళ్ళో మమ్మల్ని కూడా 'హాస్టల్ పిల్లలు' అని ఒకే మాటతో కలిపేస్తారు. దగ్గరగా చూస్తేనే కదా ఎవరు ఎవరో తెలిసేది!

అందమైన చిలుకను చూడగానే కొని ప్రేమగా పెంచుదామని కొందరు మిత్రులు అంటారు. మనం కొన్న ప్రతి చిలుకా మరో చెట్టు తొర్రలోని పిల్లలను పట్టడానికి డబ్బిచ్చినట్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం. ఇల్లు వదిలి వచ్చిన మనకు గూడు వదలడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఫొటో కోసం కూడా తొర్ర దగ్గరికి వెళ్ళకూడదు. తొర్ర ఎక్కడుందో బయట చెప్పకూడదు.

ఇకపై హాస్టల్‌లో ఒక పక్షుల నోటు పుస్తకం పెడదాం. తేదీ, చెట్టు, పక్షి ఏం తిన్నదీ రాద్దాం. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి: మీ ఇంట్లో పాత బైనాక్యులర్స్ ఉంటే మాకివ్వండి. వచ్చే సంచికలో ఆ చిలుక ఫొటో మీకు చూపిస్తాం.