మంచు అంటే ఏ మంచు?

తెలుగులో "మంచు" అన్నంత ఉదారమైన మాట మరొకటి లేదనుకుంటాను. గడ్డిపోచ మీద నిలిచే బిందువూ మంచే, తెల్లవారుజామున మేడ్చల్ రహదారిని కప్పేసే పొగా మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. పోనీ సంస్కృతాన్ని ఆశ్రయిద్దామంటే, అమరకోశం హిమాన్నీ నీహారాన్నీ తుషారాన్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టి పర్యాయపదాలని తేల్చేసింది. కవికి ఇది వరం. కోడిపెట్టకు మాత్రం ప్రాణాంతకం.

ఆ చివరి మాట చమత్కారానికి రాసింది కాదు.

శామీర్‌పేట వైపు కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవారిలో కొందరు పెరట్లో పదో పన్నెండో కోళ్ళు పెంచుతున్నారు. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులను తెచ్చుకుంటున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే పెంపకం తెలిసిన పెద్దలు ఆ ఇళ్ళలో లేరు. కనుక ఫోనును అడుగుతారు. అది ఏ శీతల దేశపు పుటనో క్షణంలో తెలుగు చేసి ముందు పెడుతుంది. మంచు కాలం రాకముందే గూటిని నాలుగు వైపులా పట్టాతో మూసెయ్యాలనీ, రాత్రి దీపం పెట్టాలనీ అందులో ఉంటుంది. రాసినవాడి మనసులో ఉన్నది మోకాలి లోతున కురిసే హిమం. చదివినవారికి గుర్తొచ్చేది మన పుష్యమాసపు వేకువ. అనువాదంలో అక్షరం తప్పలేదు, అర్థం మాత్రం సముద్రం దాటలేదు.

మా వీధి చివరి ఇంటివారు నిరుడు డిసెంబరులో అలాగే చేశారు. నీలిరంగు ప్లాస్టిక్ పట్టాను గూటి చుట్టూ బిగించి, సందులలో గుడ్డపీలికలు కుక్కారు. పది రోజులకు కోళ్ళ కళ్ళలో నీరు, ముక్కు చీదడం, గురక. రెండు దక్కలేదు. "ఎంత మూసినా చలి ఆగలేదండీ" అని ఆ ఇల్లాలు బాధపడింది. పట్టా ఎత్తి లోపలికి తొంగి చూస్తే నా కళ్ళే మండాయి.

ఎదిగిన కోడి శరీరం సుమారు నలభై ఒక్క డిగ్రీల వేడితో ఉంటుంది. పైన ఈకల దుప్పటి. మన శీతాకాలపు రాత్రులు సాధారణంగా పద్నాలుగు, పదిహేను డిగ్రీలు. ఊరి శివార్లలో కొన్ని రాత్రులు పదికి దిగువకు పోతాయి. ఈదురుగాలి నేరుగా తగలకుండా, ఒళ్ళు తడవకుండా ఉంటే, ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఆ చలిని అది సులువుగా ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది చెమ్మను, చెమ్మతో పుట్టే అమ్మోనియాను. బిగించి మూసిన గూటిలో కోళ్ళ ఊపిరి లోని ఆవిరి పట్టాకు లోపలి వైపున నీరై కిందికి కారుతుంది. ఊక తడుస్తుంది. తడి ఊకలోని రెట్ట కుళ్ళి ఆ ఘాటు వాయువు లేస్తుంది. అది కళ్ళను, శ్వాసనాళాన్ని ఒరిపిడి పెట్టిన తరువాత ఏ రోగమైనా తలుపు తట్టకుండానే లోపలికి వస్తుంది.

విచిత్రమేమంటే, నిజంగా హిమం కురిసే దేశాలలో తెలిసినవారు కూడా కోళ్ళు కూర్చునే ఎత్తుకు పైన గాలి పోయే దారి ఉంచమనే చెబుతారు. చెమ్మ ఉన్నచోటే కోడి జుట్టు గడ్డకట్టి చచ్చుబడుతుందని వారి అనుభవం. దీపం సంగతీ అంతే. అక్కడ శీతాకాలపు పగలు మరీ కురచ కనుక, గుడ్లు తగ్గకుండా వెలుతురును పొడిగించుకుంటారు. మనకు డిసెంబరులోనూ పగలు పదకొండు గంటలు ఉంటుంది. ఇంటి అవసరానికి పెంచుకునే నాలుగు కోళ్ళకు రాత్రి నిద్ర లేకుండా చేయడమెందుకు?

ఇంతకూ ఈ విద్య కోసం ఖండాంతరాలు వెతకనక్కర లేదు. మేడ్చల్ చుట్టుపక్కల ఇంకా మిగిలిన కోళ్ళ షెడ్లలో దేనినైనా ఆగి చూడండి. పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది. పక్కన మోకాలెత్తు గోడ, దానిపైన జాలీ. పరదాను కింది అంచున కట్టి పైకి లాగుతారు. ఎంత చలిలోనైనా చూరు కింద జానెడో మూరెడో వదిలేస్తారు. కోడి మీదికి గాలి కొట్టదు, కోడి పైనుంచి గాలి పోతుంది. అలాంటి ఒక షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసిన ముసలామె ఈ శాస్త్రమంతా నాకు ఒక్క ముక్కలో చెప్పింది: "సలి గాదు బిడ్డా, ఉబ్బనే కోడిని సంపేది." ఆ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు వెంచరు రాళ్ళు పాతారు. ఆమె మాట రాసిపెట్టుకున్నవారు ఎవరూ ఉండరు. నా బాధ ఇదీ.

కోడిపిల్లల సంగతి వేరు. ఈకలు రాని పిల్లలకు మొదటి వారం ముప్పై అయిదు డిగ్రీల వెచ్చదనం కావాలి. వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావచ్చు. ఉష్ణమాపకం లేకున్నా ఫరవాలేదు. బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి. బొగ్గుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టకండి.

చలికి చచ్చాయని మనం అనుకునే కోళ్ళలో కొక్కెర తెగులుతో పోయేవీ ఉంటాయి. దానికి వైద్యం లేదు, టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలోనే కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క వేయించాలి. తరువాతి మోతాదుల సంగతి పశువైద్యశాలలో చెబుతారు. ఒక్క సీసాలో వందల కోళ్ళకు సరిపడే మందు ఉంటుంది కనుక వీధివారంతా కలిసి వేయించుకుంటే మేలు.

మళ్ళీ మాట దగ్గరికి. సందర్భాన్ని బట్టి ఏ మంచో తెలుస్తుందిలే అని భాషాభిమానులు కొందరంటారు. నవలలో తెలుస్తుంది. పని నేర్చుకోవడానికి చదివేవాడికి ఆ సందర్భమే తెలియదు, అందుకే కదా చదువుతున్నాడు! యంత్రాన్ని తిట్టి లాభం లేదు. తెలుగులో ఏది దొరికితే దానితోనే అది నేర్చుకుంది. సంక్రాంతి ముగ్గుల మీద, హేమంతం మీద మనం పుటలకు పుటలు రాసుకున్నాము. కోళ్ళగూటికి పైన ఎంత సందు వదలాలో రాయలేదు. రాసేటప్పుడు ఆకాశం నుంచి కురిసేదాన్ని హిమపాతమనీ, కళ్ళకు అడ్డం పడేదాన్ని పొగమంచనీ, ఆకు మీది దాన్ని మంచుబిందువనీ విడదీసి రాస్తే మనకు పోయేదేమిటి?

ఈ మూడింటికీ మీ ఊళ్ళలో వేరు వేరు మాటలు ఉండే ఉంటాయి. శ్రీకాకుళం, ఆదిలాబాదు వైపు మిత్రులు తప్పక చెప్పాలి. ఊక బదులు గూటిలో ఏమి పరుస్తారో కూడా రాయండి; మా వైపు వరిపొట్టు దొరకడం కష్టమవుతోంది.