గోరంత కార్డు... కొండంత పెళ్లి!

ఉస్మానియాలో చదివి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగనివాళ్లు ఉంటారా? 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ఎన్ని తరాల్ని చూసిందో! తాతగారు అక్కడ దిగిన నలుపు తెలుపు ఫొటో తార్నాకలోని ఇంట్లో ఫ్రేములో భద్రంగా ఉంటుంది. మనవరాలు పట్టా పుచ్చుకున్న రోజు ఫొటోలు మాత్రం... ఎక్కడున్నాయి? ‘కార్డులో ఉండాలే’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ కార్డు బీరువాలో, గాజుల పెట్టె అడుగున ఎక్కడో ఉంటుంది.

తపాలా బిళ్లంత ఉండే ఈ ఎస్‌డీ కార్డు బరువు సుమారు 2 గ్రాములు. చూడ్డానికి సుకుమారం గానీ, నిజానికి మహా మొండిఘటం. 2004లో బ్రిటన్‌లో ఓ కెమెరా పత్రికవాళ్లు అయిదు రకాల కార్డుల్ని కోలాలో ముంచారు, కాఫీలో ముంచారు, వాషింగ్ మెషీన్లో తిప్పారు, స్కేట్‌బోర్డుతో తొక్కించారు. చివరికి పాడుచెయ్యమని ఆరేళ్ల పిల్లాడి చేతికిచ్చారు. (మన ఇళ్లలో ఈ పరీక్ష రోజూ జరుగుతూనే ఉంటుంది!) అన్నీ బతికాయి. సుత్తితో బాది, మేకుతో చెట్టుకు దిగ్గొడితేగానీ లొంగలేదు. లోపల తిరిగే భాగాలేవీ లేకపోవడమే దీనికి కారణం. చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకులో పడినా కంగారుపడక్కర్లేదు. నీడన బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే కెమెరాలో పెట్టాలి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు మరో భయం... శంషాబాద్‌లో బ్యాగును స్కానర్‌లోకి పంపితే ఫొటోలు పోతాయేమోనని. అది రీళ్ల కాలం నాటి భయం. ఎక్స్-రేకు పాడయ్యేది ఫిల్మే, కార్డు కాదు.

మరి ఇంత గట్టి కార్డులోంచి ఫొటోలెందుకు పోతాయి? ఎక్కువసార్లు మన చేతుల వల్లే. కెమెరా మీద చిన్న దీపం మిణుకుమంటోందంటే లోపల ఫొటో రాస్తోందని అర్థం. అప్పుడే కార్డు లాగేస్తే రాసిన చిట్టా చెల్లాచెదురవుతుంది. కార్డును ఖాళీ చేయాలన్నా కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయడం మేలు. అదీ ఫొటోలన్నీ వేరేచోట చేరాయని చూసుకున్నాకే.

పొరపాటున డిలీట్ చేసేస్తే? ఇక్కడే చాలామంది అసలు తప్పు చేస్తారు. యూనివర్సిటీ లైబ్రరీనే తీసుకోండి. కేటలాగులోంచి ఓ పుస్తకం చీటీ చించేస్తే పుస్తకం మాయమైపోదు కదా. బీరువాలో అలాగే ఉంటుంది, ఎక్కడుందో తెలియదంతే. డిలీట్ కూడా సాధారణంగా చీటీ చించడమే. కానీ ఆ తర్వాత మరో నాలుగు ఫొటోలు తీశారా, ‘ఈ అర ఖాళీయే’ అనుకుని కెమెరా కొత్తవాటిని అక్కడే పెట్టేస్తుంది. అప్పుడిక దేవుడే దిక్కు. కాబట్టి వెంటనే ఆపేయాలి. కార్డు బయటికి తీసి, పక్కనున్న బుల్లి మీటను ‘లాక్’ వైపు జరపాలి. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు ఫొటోలు తిరిగొస్తాయి. దొరికినవాటిని అదే కార్డులో మాత్రం దాచకూడదు.

అన్నిటికన్నా ప్రమాదం నకిలీ కార్డు. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల ఉండేది అందులో పదోవంతో ఇంకా తక్కువో. కంప్యూటర్‌కు కూడా 64 అనే అబద్ధం చెబుతుంది. నిండేదాకా గుట్టు బయటపడదు. జీలకర్ర-బెల్లం దాకా ఫొటోలు చక్కగా ఉంటాయి, తలంబ్రాల దగ్గర్నుంచి ఒక్కటీ తెరుచుకోదు. ముహూర్తాన్ని మళ్లీ పెట్టించలేం కదా! సగం ధరకే వస్తోందని కొన్న కార్డును పెళ్లికి తీసుకెళ్లే ముందు హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండుగా రాయించి, చదివించి చూడాలి. కొన్ని గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఫొటోగ్రాఫర్‌ని కుదుర్చుకునేటప్పుడు ఆల్బమ్ పేజీల లెక్కతోపాటు, కెమెరాలో రెండు కార్డులకూ ఒకేసారి రాయిస్తారా అని అడగడం కూడా మంచిదే. ఆ ప్రశ్న ఎవరూ అడగరు!

ఇక బీరువాలో దాచిన కార్డు సంగతి. ఫొటో అందులో విద్యుదావేశం రూపంలో, అతి సన్నని గదుల్లో బందీగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది కొంచెం కొంచెంగా జారిపోతుంది. వేడికి ఇంకా తొందరగా. మామూలు వాడకంలో పదేళ్ల దాకా ఉంటుందని తయారీదారులు చెప్పే మాట. తాతగారి ఫొటో వయసుతో పోలిస్తే అదెంత? కార్డు మోసుకెళ్లే సంచి మాత్రమే, దాచుకునే పెట్టె కాదు. కంప్యూటర్లో ఒకటి, విడిగా హార్డ్‌డిస్కులో ఒకటి, ముఖ్యమైన పాతిక ఫొటోలకు కాగితం మీద ప్రింట్లు... ఇవి ఉంటే నిశ్చింత.

కార్డు బతికున్నా చదివేది దొరక్కపోవచ్చు. 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి తెచ్చిన ఎక్స్‌డీ కార్డులకు ఇప్పుడు రీడర్ కోసం వెతుక్కోవాల్సిందే. అలాంటివి ఇంట్లో ఉంటే పాత కెమెరాను పాత సామాన్లవాడికి వేసేయకండి. దాని చార్జరు, కేబులు కూడా వెతికి పెట్టుకోండి. చార్జింగ్ ఎక్కిందంటే ఆ కెమెరానే కేబులుతో కంప్యూటర్‌కు తగిలించి ఫొటోలు దింపుకోవచ్చు.