ముందు జానెడు

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత పూల్ ఆటగాళ్ళని చూసి పుట్టలేదు గానీ, పుట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అమెరికాలో ఏ ఊళ్ళో పూల్ హాలుకి వెళ్ళినా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. మొదటి రకం భుజాన పొడుగాటి సంచీ, అందులో మూడు క్యూలు, జేబులో రెండు రకాల చాక్ వేసుకుని వస్తారు. బంతి పాకెట్‌లో పడకపోతే వెంటనే టిప్ వైపు చూస్తారు. రెండో రకం గోడకి ఆనించి ఉన్న హాలు కర్రల్లో ఒకదాన్ని తీసి, వంకర ఉందేమోనని బల్ల మీద ఓసారి దొర్లించి, "అంతా చేతిలో ఉంది గురూ, కర్రలో ఏముంది" అంటారు. మనవాళ్ళలో ఈ రెండు రకాలూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం కాబట్టి మొదటి రకం కాస్త ఎక్కువే.

నా ఉద్దేశంలో ఇద్దరి లెక్కా తప్పే. క్యూ వల్ల ఆట మారుతుంది, అందులో సందేహం లేదు. కానీ మార్చేది అందులో ముందున్న జానెడు మాత్రమే. ఆ జానెడులో ఏం పెట్టుకున్నారన్నదాని కంటే, పెట్టుకున్నదాన్ని ఎన్నాళ్ళు మార్చకుండా ఉంచారన్నది ముఖ్యం. ఇదీ నా వాదన. ఇక కారణాలు చూద్దాం.

పూల్ క్యూ సాధారణంగా 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు ఉంటుంది. చేత్తో పట్టుకునే వెనక భాగం బట్. దానికి మరతో బిగించే ముందు భాగం షాఫ్ట్. షాఫ్ట్ చివర తెల్లటి తొడుగు ఫెరూల్. దాని మీద అతికించిన చిన్న తోలుబిళ్ళ టిప్. డబ్బంతా బట్ మీద కనిపిస్తుంది. రంగురంగుల చెక్కల పొదుగుడు, ఐరిష్ నార చుట్టిన పట్టు, మెరిసే ఉక్కు జాయింటు అన్నీ అక్కడే. కానీ తెల్లబంతిని ముట్టుకునేది ఆ తోలుబిళ్ళ ఒక్కటే.

ఆ తోలుబిళ్ళ చరిత్ర కూడా చిన్నదేం కాదు. 19వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్సుకి చెందిన ఫ్రాంస్వా మింగో క్యూ చివర తోలు తగిలించడాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు వట్టి కర్రతో బంతిని మధ్యలో పొడవడం తప్ప, పక్కకి కొడితే జారిపోయేది. తోలు వచ్చాక బంతిని గిర్రున తిప్పడం సాధ్యమైంది. 1835లో కొరియాలిస్ ఈ ఆట గణితం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. భూభ్రమణం గురించి చదివేటప్పుడు మనం విన్న కొరియాలిస్ ఈయనే. 1897లో విలియం స్పింక్స్ అనే ఆటగాడు, విలియం హాస్కిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి ఇప్పుడు వాడే రకం చాక్‌కి పేటెంటు తీసుకున్నారు. మనం చాక్ అంటాం గానీ అది బడిలో వాడే సుద్ద కాదు. గరుకుదనం కోసం సిలికా, కొరండం లాంటి పొడులు కలిపి చేసిన ముద్ద.

చాక్ ఎంత అవసరమో లెక్క వేస్తే తెలుస్తుంది. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం సుమారు 28.5. మధ్య నుంచి అందులో సగం దూరంలో, అంటే 14 మిల్లీమీటర్ల పక్కన టిప్ తాకిందనుకోండి. అక్కడ బంతి ఉపరితలానికి లంబంగా గీసిన గీతకీ క్యూ దిశకీ మధ్య కోణం 30 డిగ్రీలు. జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం 30 డిగ్రీల టాంజెంట్ అంత, అంటే 0.58 ఉండాలి. చాక్ పూసిన తోలు ఇచ్చేది దాదాపు అంతే. అందుకే సగం వ్యాసార్ధం దాటి కొడితే "టిక్కు"మని జారిపోతుంది. ప్రపంచంలో ఎంత ఖరీదైన టిప్ కొన్నా ఈ హద్దు పెద్దగా జరగదు. చాక్ పూయడం మరిచిపోతే మాత్రం హద్దు లోపలికి వచ్చేస్తుంది.

ఇప్పుడు టిప్ మెత్తదనం సంగతి. మెత్తటి టిప్ బంతిని ఎక్కువసేపు పట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ స్పిన్ ఇస్తుందని ప్రతి హాల్లోనూ ఎవరో ఒకరు చెప్తారు. మెత్తటి టిప్ ఎక్కువసేపు అంటుకుని ఉండే మాట నిజం. గట్టిదైతే సుమారు ఒక మిల్లీసెకను, మెత్తదైతే రెండు మిల్లీసెకన్ల దాకా. కానీ బంతి వేగానికి ఎంత స్పిన్ వస్తుందన్నది టిప్ మధ్య నుంచి ఎంత దూరంలో తాకిందన్నదాని మీద ఆధారపడుతుంది, ఎంతసేపు తాకిందన్నదాని మీద కాదు. మెత్తటి టిప్ దెబ్బలో కొంత శక్తిని తానే మింగుతుంది. అంటే అదే ఊపుకి బంతి కొంచెం నెమ్మదిగా వెళ్తుంది. మెత్తటి టిప్ చాక్‌ని బాగా పట్టుకుంటుంది గానీ త్వరగా అణిగిపోయి పుట్టగొడుగులా పక్కలకి పొంగుతుంది. గట్టిది ఆకారం నిలుపుకుంటుంది గానీ నున్నబడిపోతుంది, అప్పుడప్పుడూ గీకి గరుకు చెయ్యాలి. ఎల్క్ మాస్టర్ లాంటి మెత్తటి ఒంటి తోలుబిళ్ళ నుంచి కామూయీ లాంటి పొరలు పొరలుగా అతికించిన జపాన్ టిప్‌ల దాకా ఎంచుకోవాల్సింది వీటి మధ్యే. ఏది మంచిదంటే, మీరు ఓపిగ్గా చూసుకోగలిగినది.

ఇక టిప్ గుండ్రదనం. అమెరికాలో దీన్ని నాణేలతో పోలుస్తారు. నికెల్ అంచు వంపులా ఉండాలా, డైమ్ అంచు వంపులా ఇంకా గుండ్రంగా ఉండాలా అని గంటలకొద్దీ చర్చలు జరుగుతాయి. క్యూ మధ్యగీతని బంతి కేంద్రం నుంచి 14 మిల్లీమీటర్లు పక్కకి జరిపారనుకోండి. టిప్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది తాకే చోటు అంతకంటే లోపలే ఉంటుంది. మామూలు జ్యామితి లెక్క ప్రకారం నికెల్ వంపుకి 10.2 మిల్లీమీటర్ల దగ్గర, డైమ్ వంపుకి 10.7 దగ్గర తాకుతుంది. చర్చంతా ఆ అర మిల్లీమీటరు గురించి. మరి మన చెయ్యి ఎంత కచ్చితంగా కొడుతోంది? దానికో తేలిక పరీక్ష ఉంది. చారల బంతిని తెల్లబంతి స్థానంలో చార నిలువుగా ఉండేలా పెట్టి, టిప్‌కి చాక్ బాగా పూసి, సరిగ్గా మధ్యలో కొట్టండి. బంతి మీద పడిన చాక్ మచ్చ చూడండి. పది సార్లు చేసి మచ్చలు ఎంత మేర చెదిరాయో కొలవండి. ఆ చెదురు రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నంతకాలం, అర మిల్లీమీటరు గురించి రాత్రి పదకొండు దాకా వాదించుకోవడం దేనికి?

అయితే క్యూ వల్ల నిజంగా పెద్ద తేడా వచ్చే విషయం ఒకటుంది. దాన్ని స్క్వర్ట్ అంటారు. తెల్లబంతిని మధ్యకి కుడివైపున కొట్టారనుకోండి. క్యూ సూటిగా ముందుకే వెళ్ళింది. కానీ బంతి క్యూ చూపించిన దారిలో వెళ్ళదు, కొంచెం ఎడమకి తప్పుకుంటుంది. కారణం ఏమిటంటే, టిప్ అంటుకుని ఉన్న ఆ కాస్త సమయంలోనే బంతి తిరగడం మొదలుపెడుతుంది. తిరుగుతున్న బంతి టిప్‌ని తనతోపాటు కుడివైపుకి నెడుతుంది. క్యూ ముందు భాగానికి బరువుంది కాబట్టి అది ఎదురు నెడుతుంది, బంతి ఎడమకి జరుగుతుంది. ఈ కుదుపు ఒక మిల్లీసెకనులో షాఫ్ట్‌లో కొన్ని అంగుళాల దూరమే పాకగలదు. వెనక బట్‌లో ఏ చెక్క ఉంది, జాయింటు ఉక్కుదా ఇత్తడిదా అన్న సంగతి బంతికి తెలిసేలోపే బంతి వెళ్ళిపోతుంది. అందుకే ముందు జానెడు అన్నాను.

ఆ ముందు భాగం ఎంత తేలికైతే స్క్వర్ట్ అంత తగ్గుతుంది. 1990ల నుంచి ప్రెడేటర్ లాంటి సంస్థలు షాఫ్ట్ చివర లోపల డొల్ల చేసి బరువు తగ్గిస్తూ వచ్చాయి. 2016 తరవాత కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు బాగా వ్యాపించాయి. ఇది మాయ కాదు, కొలిచి చూపించగల తేడా. మామూలు మేపుల్ షాఫ్ట్‌తో బాగా పక్కకి కొడితే బంతి దారి రెండు డిగ్రీల దరిదాపుల్లో తప్పవచ్చు. ఒక డిగ్రీ అంటే నాలుగడుగులు వెళ్ళేసరికి 21 మిల్లీమీటర్లు. రెండు డిగ్రీలంటే ముప్పాతిక బంతి. పాకెట్ సంగతి తరవాత, అసలు తగలాల్సిన చోటే తగలదు.

ఇక్కడే నా అభిప్రాయం అమ్మేవాళ్ళతో విడిపోతుంది. తేలిక షాఫ్ట్ స్క్వర్ట్‌ని తగ్గిస్తుంది గానీ తీసెయ్యదు. దానికి తోడు క్యూ ఏ కాస్త ఏటవాలుగా ఉన్నా బంతి దారిలో వంపు తిరిగి వెనక్కి వస్తుంది, అది వేగాన్ని బట్టీ గుడ్డని బట్టీ మారుతుంది. ఎవరైనా పక్కస్పిన్‌తో బంతిని పాకెట్‌లో వేస్తున్నారంటే, ఈ రెంటినీ కలిపి సరిచేసుకోవడం వాళ్ళ కళ్ళకీ చేతికీ అలవాటైందన్నమాట. ఆ అలవాటు ఒక్క షాఫ్ట్‌కి సంబంధించినది. వందల గంటల్లో కూడబెట్టిన ఆ లెక్క షాఫ్ట్ మార్చిన రోజున చెల్లదు. మేపుల్‌కి అలవాటైన మనిషి కార్బన్‌కి మారితే, ఇదివరకు అలవాటుగా చేసిన సవరణ ఇప్పుడు ఎక్కువైపోయి బంతి రెండో పక్కకి తప్పుతుంది. హైదరాబాదులో కాలేజీ రోజుల్లో స్నూకర్ ఆడి ఇక్కడికొచ్చినవాళ్ళకి ఇది అనుభవమే. అక్కడ యాష్ చెక్క, తొమ్మిది పది మిల్లీమీటర్ల టిప్, చిన్న బంతి. ఇక్కడ మేపుల్, పన్నెండు పదమూడు మిల్లీమీటర్ల టిప్, పెద్ద బంతి. చెయ్యి అదే, కానీ కొన్ని నెలలు ఎవరి చెయ్యో అన్నట్టు ఉంటుంది.

మరి "ఫీల్" మాటేమిటి? క్యూ కొనేవాళ్ళు ఎక్కువగా వాడే మాట ఇదే. "ఈ క్యూతో కొడితే బంతి ఎక్కడ తగిలిందో చేతికి తెలుస్తుంది" అంటారు. తెలుస్తుంది, నిజమే. కానీ ఎప్పుడు? చేతి నుంచి మెదడుకి స్పర్శ చేరడానికి సుమారు 20 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకి రెండు మీటర్ల వేగంతో కొట్టిన బంతి ఆపాటికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి ఫీల్ ఈ దెబ్బని మార్చలేదు, ముగిసిపోయిన దెబ్బ గురించి చెప్తుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే అది ప్రోగ్రాం కాదు, లాగ్ ఫైలు.

లాగ్ ఫైలు పనికిమాలినదని మాత్రం అనను. రాత్రి రెండు గంటలకి సర్వర్ పడిపోతే మమ్మల్ని కాపాడేది అదే. కానీ లాగ్ చదవాలంటే అది ఎప్పుడూ ఒకే భాషలో ఉండాలి. గట్టి టిప్ ఠంగుమంటుంది, మెత్తటిది ధబ్బుమంటుంది, కార్బన్ డొల్లగా మోగుతుంది. ఈ చప్పుళ్ళలో ఏదీ రెండోదానికంటే నిజం కాదు. ఒకే చప్పుడు ఆరు నెలలు వింటే, మధ్యలో తగిలిన దెబ్బకీ రెండు మిల్లీమీటర్ల పక్కన తగిలిన దెబ్బకీ తేడా చెవికి తెలిసిపోతుంది. నెలకో టిప్ మారిస్తే ఆ భాష ఎప్పటికీ రాదు.

గోడ దగ్గర కర్ర తీసుకునే రెండో రకం మిత్రులకి కూడా ఇదే జవాబు. అంతా చేతిలోనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ చేతికి వారం వారం వేరే బరువు, వేరే టిప్ ఇస్తే అది నేర్చుకునేదేమిటి? చిన్నప్పుడు క్యారమ్స్ ఆడినవాళ్ళని అడగండి. స్ట్రైకర్ విలువ పది రూపాయలే అయినా దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. అది గొప్ప స్ట్రైకరని కాదు, తమదని.

కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా ఇది. వంద, నూట యాభై డాలర్లలో దొరికే తిన్నటి మేపుల్ క్యూ ఒకటి కొనండి. బరువు 19 ఔన్సుల దగ్గర చూసుకోండి. మధ్యరకం గట్టిదనం ఉన్న టిప్ తెలిసినవాళ్ళ చేత వేయించండి. ప్రతి దెబ్బకీ ముందు చాక్ పూయండి. టిప్ అరిగితే అదే రకం మళ్ళీ వేయించండి. ఒక సంవత్సరం ఏదీ మార్చకండి. ఆ తరవాత కూడా పక్కస్పిన్ దెబ్బలే మిమ్మల్ని ఓడిస్తున్నాయని మీ లెక్కలో తేలితే, అప్పుడు తేలిక షాఫ్ట్ కొనుక్కోండి. కొన్నాక టిప్, చాక్ మార్చకుండా షాఫ్ట్ ఒక్కటే మార్చండి. ఒకేసారి మూడు మార్పులు చేసి, ఏది పనిచేసిందో తెలియని ప్రాజెక్టులు మనం ఆఫీసులో చూస్తున్నవి చాలు.

మంచి వస్తువు చేతిలో ఉంటే ఉత్సాహంగా ఉంటుంది, ఆ ఉత్సాహంతో ఆట బాగుపడుతుంది కదా అని అడగవచ్చు. బాగుపడుతుంది, రెండు మూడు వారాలు. ఎవరి డబ్బు వాళ్ళిష్టం, పనితనమున్న క్యూని చూసి మురిసిపోవడంలో తప్పూ లేదు. నాకు బాధ కలిగించేది డబ్బు కాదు. ఉద్యోగం, పిల్లల క్లాసులు, ఇండియా ఫోన్లు అన్నీ పోగా మనకి ఈ ఆటకి మిగిలేది వారానికి రెండు గంటలు. ఏడాదికి వంద గంటలు. కొత్త కర్ర పరిచయం చేసుకోవడానికే అందులో ముప్ఫై గంటలు పోతే, ఆ ఏడాది మనం నేర్చుకున్నది ఆట కాదు, కర్రల పేర్లు. డబ్బుతో ఇంకో షాఫ్ట్ కొనుక్కోవచ్చు, ఆ గంటలు ఏ దుకాణంలోనూ దొరకవు.