రూలు ఒప్పుకోని లెఫ్టినెంటు

నవంబరు 11. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు. రామగిరి బొగ్గు బాయిలకు ఆ తేదీతో పనేమిటంటారా? నిజాం రాజ్యంలో పుట్టిన దక్కన్ హార్స్ గుర్రపు దళం 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోమ్‌లో బల్లేలు పట్టుకుని మరఫిరంగుల మీదికి దూకింది. మనకూ ఆ మట్టిలో వాటా ఉంది. ఈసారి మాత్రం ఒక ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి.

వాల్టర్ టల్ 1888లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి, తల్లి ఆంగ్లేయురాలు. పదేళ్లు నిండకముందే ఇద్దరూ పోయారు. లండన్ అనాథాశ్రమంలో పెరిగినవాణ్ణి 1909లో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ జీతానికి తీసుకుంది. ఆ ఏడాదే బ్రిస్టల్‌లో ప్రేక్షకులు అతని రంగు మీద నోటికొచ్చినట్టు కూశారు. ఆ రోజు ఫార్వర్డ్‌లలో మేటి అతనేనని విలేకరి రాశాడు. క్లబ్బు మాత్రం కొద్దికాలానికే రిజర్వు జట్టులోకి నెట్టింది. అండగా నిలవాల్సింది పోయి! 1911లో నార్తాంప్టన్ టౌన్‌కు మారి, అక్కడ నూరు మ్యాచ్‌లు దాటించాడు.

1914 డిసెంబరులో ఫుట్‌బాల్ ఆటగాళ్ల పటాలంలో చేరాడు. తెల్లజాతివాడు కానివాడు ఆఫీసరై సైనికులకు ఆజ్ఞలివ్వరాదన్నది అప్పటి సైనిక నియమావళి సారం. అయినా 1917 మేలో సెకండ్ లెఫ్టినెంటయ్యాడు. మనుషులు కరువైనప్పుడు రూలు తనంతట తానే వంగుతుంది. దాన్ని ఉదారత అనలేం. ఇటలీలో పియావే నది దాటి 26 మందిని శత్రువు గట్టుకు తీసుకెళ్లి, ఒక్కరికీ గీత పడకుండా వెనక్కి తెచ్చాడు.

1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో గుండు తగిలి కూలాడు. వయసు 29. లెస్టర్ గోల్‌కీపర్ టామ్ బిల్లింగ్‌హామ్ తూటాల మధ్యే అతన్ని ఈడ్చుకురాబోయాడు, కుదరలేదు. దేహం దొరకలేదు. ఆరాస్ స్మారకం గోడ మీద పేరు మిగిలింది. నార్తాంప్టన్ మైదానం దగ్గర స్మారకం లేచేసరికి 1999 వచ్చింది.

తోటివాణ్ణి వదిలి రాలేని బిల్లింగ్‌హామ్ పెనుగులాట బాయి దిగేవాళ్లకు వివరించనక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బొగ్గు బాయిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. లెక్క అందరికీ తెలుసు. వాళ్లలో ఎవరు ఏ ఆట ఆడేవారు, ఎవరి పాటకు షిఫ్టంతా చుట్టూ చేరేది? చెప్పగలవాళ్లు కాలనీల్లో ఇంకా ఉన్నారు. పోయినవారి జాబితాలో తేదీ పక్కన ఆ నాలుగు ముక్కలూ ఎక్కించే పని బొగ్గు కంపెనీ, కార్మిక సంఘాలు కలిసి ఈ ఏడే మొదలుపెట్టాలి.