విద్యార్థి సంఘాలను మళ్లీ నిలబెట్టుకుందాం

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ ప్రసంగాలు విన్న రాజమండ్రి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సహించలేదు. ట్రైనింగ్ కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. విద్యార్థులు ఒకరికొకరు తోడుగా నిలబడటం ఈ గోదావరి గట్టుకు కొత్త కాదు.

నేడు మన ముస్లిం విద్యార్థి బృందాలు చాలాచోట్ల పేరుకే మిగిలాయి. మీలాద్‌కు ఒక బ్యానరు, రంజాన్‌లో ఒక ఇఫ్తార్. చురుకైన ఇద్దరు డిగ్రీ ముగించుకుని వెళ్లిపోతే మరుసటి ఏడు అదీ ఉండదు.

ఈ లోటు డెల్టాలో మరింత బరువైనది. కర్నూలులోనో గుంటూరులోనో మొహల్లా ఇచ్చే ఆసరా, ఊరికి నాలుగు కుటుంబాలుగా చెదిరి ఉన్న మనవారికి దొరకదు. 2007లో దక్కిన 4 శాతం రిజర్వేషన్ మన పిల్లలను కళాశాల గుమ్మం దాటించింది. లోపల చేయి పట్టుకునేదెవరు? బీసీ-ఇ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, స్కాలర్‌షిప్ గడువు - ఇవి ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన ఆడపిల్లకు ఎవరు చెబుతారు? 2022లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం నిలిపివేసినప్పుడు, ఆ నష్టాన్ని తరగతి గదుల్లో చర్చకు పెట్టగల గొంతులు మనకెన్ని ఉన్నాయి?

సంఘం పెట్టుకునే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. విద్యార్థి ఎన్నికలకు లింగ్డో కమిటీ 2006లోనే నియమావళి రూపొందించింది. సుప్రీంకోర్టు అమలు చేయమన్నది. అయినా 1980ల చివర నిలిచిపోయిన ఎన్నికలు మన రాష్ట్రంలో తిరిగి పుంజుకోలేదు. వాటిని కోరవలసిందే. కానీ అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు.

చేయవలసినవి చిన్న పనులే. ప్రవేశాల నెలలో కొత్త విద్యార్థుల జాబితా రాసుకోవాలి. ప్రతి ఒక్కరికీ ఒక సీనియర్‌ను తోడివ్వాలి. చందాల లెక్క ప్రతి నెలా అందరికీ చూపాలి. చివరి సంవత్సరం వారు వెళ్లేముందే రెండో సంవత్సరం వారికి బాధ్యత అప్పగించాలి. నాయకత్వంలో సగం ఆడపిల్లలకు దక్కాలి. వారిని కేవలం ప్రేక్షకులుగా కూర్చోబెట్టిన సంఘం సగం సంఘమే. ఊరి పెద్దలు, మస్జిద్ కమిటీలు ఒక గదిని, కొన్ని పుస్తకాలను ఇచ్చి, పెత్తనం మాత్రం పిల్లలకే వదలాలి.

ఇలా చేస్తే మనం వేరుపడిపోమా అని కొందరు సందేహిస్తారు. దళిత, వెనుకబడిన తరగతుల విద్యార్థులకూ తలుపు తెరిచి, స్కాలర్‌షిప్ బకాయిల కోసం వారితో కలిసి నడిచే సంఘం వేరుపడదు. నలుగురిలో తన మాట వినిపిస్తుంది. కొత్త విద్యాసంవత్సరం మొదటి వారంలోనే ఆ జాబితా రాయడం మొదలుపెడదాం.